వదిలితేనే వెళ్లే బల్లెం

మా వీధిలో ఎవరు ఆకుమడి చల్లినా మొదటి గుప్పెడు మా నాన్నగారి చేత వేయించేవారు. ఊడ్పులకు కావలసిన నారు పోసే మడి అది. జూన్‌లో కాలువలు వదిలి, మడి దమ్ము చేసి, విత్తనాలు మొలక కట్టాక, తట్ట పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు. నాన్నగారు గట్టు మీద తూర్పుకు తిరిగి నిలబడేవారు. చెయ్యి ఒక్కసారి గుండ్రంగా తిరిగేది. గింజలు బురద మీద చినుకుల్లా పడేవి, ఎక్కడా ఒత్తుగా గాని పలచగా గాని ఉండేవి కావు. మిగతాది మడిగలవాళ్ళు చల్లుకునేవారు. ఆయన చెయ్యి మంచిదని అందరికీ గురి. ఆయన మాత్రం నవ్వేసేవారు. "గింజ దేవుడిది, నీళ్ళు గోదారివి. మధ్యలో నాదేవుందండీ, వదిలెయ్యడమేగా" అనేవారు.

ఆ చేతి సంగతి నాకు ఇంకోలా తెలుసు. చిన్నతనంలో కీళ్ళజ్వరం వచ్చి గుండె నీరసించిందని డాక్టర్లు నన్ను బడికి పంపవద్దన్నారు. నాన్నగారు పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, అమ్మ సందెదీపం పెట్టాక, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని పలక మీద దిద్దించేవారు. తెలుగు, లెక్కలు, ఆయనకు వచ్చినంత ఇంగ్లీషు, అన్నీ ఆ అరచేతి వేడిలోంచే నాకు వచ్చాయి. ఇప్పటికీ దేవుడి ముందు కూర్చుంటే ముందుగా నమస్కరించేది ఆ వేడికే.

తొంభైల చివరలో ఒక ఏడు, రెండోపంట దాళ్వా చేలు పొట్ట మీద ఉండగా, ఆ చెయ్యి మూసుకుపోయింది. పక్షవాతం. రాజమండ్రి ఆసుపత్రిలో ఉంచి తీసుకొచ్చాం. మాట నిలిచింది, కాలు కొంచెం ఈడ్చుకుంటూనైనా నడవగలిగారు. భగవంతుడు అంతవరకూ దయ చూపించాడు. కుడిచేతి వేళ్ళు మాత్రం అరచేతిలోకి ముడుచుకుని ఉండిపోయాయి. రోజూ పొద్దున్నే అమ్మ వేడినీళ్ళతో వాటిని ఒక్కొక్కటే విప్పి, లోపల చెమట తుడిచి, పొడి గుడ్డ పెట్టేది. తన చెయ్యి తీయగానే అవి మళ్ళీ మూసుకునేవి. పూజ అయ్యాక నేను తెచ్చిన పువ్వు ఆ గుప్పెట్లో దూర్చేదాన్ని. సాయంత్రానికి నలిగి నల్లబడి ఉండేది.

డాక్టరుగారు మెత్తని బంతి ఒకటి ఇచ్చారు. "నొక్కడం కాదు ముఖ్యం. నొక్కి వదలాలి. వదలడమే ఆయనకి రావాలి" అని నాకు పదేపదే చెప్పారు. నాన్నగారు రెండు రోజులు పట్టుకుని దాన్ని మంచం కిందకు దొర్లించేశారు.

"నేనేవన్నా చంటిపిల్లాణ్ణా, బంతి పట్టుకు కూర్చోడానికి" అన్నారు.

కాలువలు కట్టేసిన నెల అది. కాలవలో నీరు లేదు, అడుగు ఎండి పర్రెలు విచ్చింది. ఎదురింటి బాబాయిగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నాన్నగారి చెయ్యి వైపు చూడకుండా ఉండడానికి ఆయన చూరు కేసి చూస్తూ మాట్లాడారు.

"అన్నయ్యగారూ, ఈ ఏడు విత్తనం మంచిదే దొరికిందండి."

"మంచిదే. ఎప్పుడు నానబోత్తావు?"

"కాలవలు వదిలాక కదండీ. అప్పటికి మీకూ..." ఆయన ఆగిపోయారు.

"నాకూ ఏంటి?"

"అదేనండి. అప్పటికి చూద్దాం."

బాబాయిగారు వెళ్ళాక నాన్నగారు ఎడమచేత్తో ఆ గుప్పెట తడుముకున్నారు. తరవాత అమ్మతో నెమ్మదిగా అన్నారు: "ఎడంచేత్తో చల్లకూడదు కదే." అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. కాలువలు వదిలేలోగా ఆ చెయ్యి తెరుచుకోవాలి. ఆ రోజునుంచి మా ఇంట్లో అందరం మనసులో ఎదురుచూసింది దానికోసమే. పైకి ఎవరం అనుకోలేదు.

మా ఇంట్లో టీవీ గేమ్ ఒకటి ఉండేది, అన్నయ్యది. మండపేటలో రైసుమిల్లులో పనిచేసేవాడు. పెళ్ళి వయసు వచ్చినా ఆటల మీద యావ పోలేదని అమ్మ దెప్పుతుండేది. టీవీకి తగిలించే నల్లపెట్టె, దానికి వైర్లతో రెండు రిమోట్లు, పైన గుచ్చే క్యాసెట్లు. క్యాసెట్టు పెట్టేముందు నోటితో గట్టిగా ఊదేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య ఆడుతుంటే నాన్నగారు మంచం మీద నుంచే చూస్తున్నారు.

"ఎవడ్రా వాడు, గోచీ పెట్టుకుని గోడలెక్కుతున్నాడు?"

"హీరో నాన్నగారూ."

"హీరో అయితే బట్టలేవిరా?"

"ముందు ఉండవు. మెట్టు దాటేకొద్దీ వత్తాయి."

నాన్నగారికి నవ్వొచ్చింది. ఆయన నవ్వి చాలా రోజులైంది. మొదట్లో వచ్చే ఇంగ్లీషు ముక్కలు నన్ను చదవమన్నారు. కూడబలుక్కుని చదివి చెప్పాను. రాజు పోయాడు, కోట శత్రువుల చేతిలో పడింది, మిగిలినవాడు గుర్రాలశాలలో గడ్డి వేసే పనివాడొక్కడే. వాడే ఊళ్ళూ అడవులూ దాటుకుంటూ కోటకు వెళ్ళి సింహాసనం ఎక్కాలి. దారిలో ఒక్కొక్క మెట్టు గెలిస్తే ఒకచోట చెప్పులు, ఒకచోట డాలు, ఒకచోట రంగుబట్టలు. ఎదుగుతున్నకొద్దీ బొమ్మ కూడా పెద్దదయ్యేది.

వాడి దగ్గర ఉన్నది ఒక్క బల్లెం. రిమోటు కుడివైపు బటన్ నొక్కి పట్టుకుంటే బలం పుంజుకునేది. బటన్ వదిలితేనే బల్లెం వెళ్ళేది. నొక్కి పెట్టి ఊరుకుంటే వాడు చెయ్యెత్తి అలాగే నిలబడేవాడు, ఈలోగా శత్రువెవడో వచ్చి పొడిచేసేవాడు.

ఆ సంగతి అన్నయ్య చెబుతుండగా నేను నాన్నగారి కేసి చూశాను. ఆయన తన గుప్పెట కేసి చూసుకుంటున్నారు.

"ఏదీ, ఇలా తే" అన్నారు.

ఒళ్ళో దిండు పెట్టి, దాని మీద తువ్వాలు మడిచి వేసి, రిమోటు అందులో ఇరికించాం. ఎడమచేతికి ఇబ్బంది లేదు. కుడి బొటనవేలిని నేను విప్పి బటన్ మీద ఉంచాను. మొదటి గుంట దగ్గర కాపలా ఉన్నవాడు పొడిస్తే మనవాడు అందులోనే పడి చచ్చాడు. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ అదే గుంట.

"ఈ గోచీవాడు మనింటికి వచ్చిందే చావడానికా?" అంది అమ్మ, బియ్యం ఏరుకుంటూ.

"నువ్వు ఊరుకోవే. వాడు నేర్చుకుంటున్నాడు" అన్నారు నాన్నగారు.

అలా మొదలైంది. ఆ ఎండల్లో రోజూ చాలాసేపు కరెంటు తీసేవారు. తీసినప్పుడల్లా వాడు ఎంత దూరం వెళ్ళినా అంతా పోయేది. ఆ పెట్టెకు జ్ఞాపకం లేదు. చెప్పులూ, డాలూ, రంగుబట్టలూ ఏవీ మిగలవు. కరెంటు వచ్చాక మళ్ళీ గోచీ, మళ్ళీ గుర్రాలశాల.

"కరెంటు పోతే పోయే రాజ్యం ఏం రాజ్యమండీ" అంది అమ్మ ఒకరోజు.

"నువ్వు పొద్దున్న వేసిన ముగ్గు సాయంత్రానికి ఉంటుందా? మళ్ళీ వెయ్యట్లేదూ?"

"ముగ్గూ ఇదీ ఒకటేనా? చోద్యం కాకపోతే."

నాకూ అలాంటి అనుమానమే ఉండేది. దేవుడి గదికి ఎదురుగా ఉన్న గదిలో పొద్దస్తమానం ఎవడో ఎవణ్ణో పొడుస్తూ ఉండడం నా మనసుకు నచ్చేది కాదు. ఆ బొమ్మ రాజైతే ఎంత, కాకపోతే ఎంత. వాడికి ఆకలి లేదు, భయం లేదు, చచ్చినా చావు లేదు. అలాంటివాడి ఎదుగుదల ఎదుగుదలేనా అని అడిగితే ఆరోజు నేను కాదనే చెప్పేదాన్ని. అయినా దీపం పెట్టినప్పుడు, స్వామీ, వాణ్ణి ఆ గుంట దాటించు అని దండం పెట్టుకున్న మాట నిజం. నా ప్రార్థన విని స్వామి నవ్వుకునే ఉంటాడు.

వాడు గుంట దాటాడు. దాటించింది నాన్నగారి బొటనవేలు. నొక్కడం మొదటిరోజే వచ్చింది, బిగుసుకున్న చేతికి అది తెలిసిన పనే. వదలడానికే వారాలు పట్టింది. ఆయన పళ్ళు బిగించి, నుదుట చెమట పట్టి, "వదులు, వదులు" అని తన వేలితో తనే అనుకునేవారు. వేలు కొద్దిగా లేచేది. తెర మీద బల్లెం వెళ్ళేది. మొదటిసారి వెళ్ళినరోజు ఇంట్లో ఎవరం అరవలేదు. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. చెప్పులు వచ్చాయి. డాలు వచ్చింది. రంగుబట్టలు వచ్చినరోజు నాన్నగారు ఎదురింటి బాబాయిగార్ని కేకేసి పిలిచి చూపించారు. బొటనవేలితోపాటు చూపుడువేలు కూడా కదలడం మొదలైంది.

కాలువలు ఫలానా వారంలో వదులుతారని కబురు వచ్చాక అంతా తలకిందులైంది.

బాబాయిగారు ఒక సాయంత్రం వచ్చారు. ఈసారి కూర్చోలేదు.

"అన్నయ్యగారూ, మనవాళ్ళు ఒక మాట అనుకుంటున్నారండి. ఈ ఒక్క ఏడూ చివరింటాయన చేత వేయిద్దామని. మీకు శ్రమ ఎందుకని."

"నువ్వేవన్నావు?"

"నేనేవీ అన్లేదండి. మిమ్మల్ని అడక్కుండా నేనేం అంటాను."

"అడిగావుగా ఇప్పుడు."

బాబాయిగారు తలవంచుకున్నారు. "మీరు ఎలాగంటే అలాగేనండి. మా మడి సంగతయితే మీ చేతికోసమే ఆగుతాను. ఓ రోజు అటూ ఇటూ అయినా పర్లేదు. మొలక ముదిరిపోతేనే కష్టం."

ఆ మర్నాటి నుంచి నాన్నగారు కోపంతో ఆడారు. కంగారుపడితే చెయ్యి ఇంకా బిగుసుకునేది. వాడు పాతగుంటల్లోనే పడసాగాడు. కోట దూరంగా కనబడే మెట్టు దాకా కూడా వెళ్ళలేకపోతున్నారు. అన్నం ముందు కూర్చుని నిట్టూర్పులు విడిచేవారు. చూడలేక అన్నయ్య మిల్లులో ఎవరినో అడిగి ఒక కిటుకు తెలుసుకువచ్చాడు. ఆట మొదలయ్యే ముందు ఫలానా బటన్లు ఫలానా వరసలో నొక్కితే హీరోకి అన్నీ ముందే వచ్చేస్తాయట. అన్నయ్య పనిలోకి వెళ్ళేముందు, నాన్నగారు స్నానంలో ఉండగా, అది చేసి ఉంచాడు.

ఆ పూట వాడికి మొదటినుంచే బంగారు బట్టలు. ఎవడు పొడిచినా గుచ్చుకోలేదు. గుంటల మీద గాలిలా నడిచాడు. బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, బల్లేలు వరసగా వాటంతటవే వెళ్ళిపోతున్నాయి. నాన్నగారు మొదట ఉత్సాహపడ్డారు. ఆ తరవాత మాట తగ్గింది. కరెంటు కూడా పోలేదు. భోజనాల వేళకల్లా కోట తలుపులు తెరుచుకున్నాయి. సింహాసనం మీద కూర్చున్న బొమ్మకు కిరీటం వచ్చింది, సన్నగా సంగీతం మోగింది. అమ్మ బెల్లంముక్క పట్టుకొచ్చింది.

నాన్నగారు బెల్లం తీసుకోలేదు. తెర కేసి కాదు, దిండు మీద చేతి కేసి చూస్తున్నారు. వేళ్ళు రిమోటు చుట్టూ రాయిలా బిగుసుకుని ఉన్నాయి. పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా వదలలేదు. విప్పడానికి నేనూ అమ్మా ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం అన్నయ్య గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అడిగారు.

"ఏం చేశావురా?"

అన్నయ్య దాచలేదు. "మీరు బెంగపడుతున్నారని నాన్నగారూ. ఓసారి గెలిత్తే ధైర్యం వత్తాదని."

"మూసిన చేత్తో రాజయ్యాడ్రా వాడు."

 నాన్నగారు కోప్పడలేదు, అదే మమ్మల్ని భయపెట్టింది. మళ్ళీ అడిగారు:

"ఆ చెప్పులూ, డాలూ వచ్చినప్పుడు? అవైనా నేను గెలిచానా, అవీ నువ్వేనా?"

"ఒట్టు నాన్నగారూ. దేవుడి గది ముందు చెబుతాను. అవన్నీ మీరే."

"సరేలే. నా మంచికే చేశావు" అన్నారు. కాని ఆయన నమ్మలేదని మా ముగ్గురికీ తెలుసు. మర్నాడు రిమోటు ఇవ్వబోతే ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆ మర్నాడూ అంతే. అమ్మ పొద్దున వేళ్ళు విప్పుతుంటే కూడా సాయం పట్టలేదు. పరాయివాళ్ళ చెయ్యి ఇచ్చినట్టు ఇచ్చేసి పడుకున్నారు. ఇన్నాళ్ళ కష్టమూ ఒక్క పూటలో వెనక్కి పోతోంది. నేను దేవుడి గదిలో కూర్చునేదాన్ని గాని నోటికి ఏ స్తోత్రమూ వచ్చేది కాదు.

కాలువలు వదిలారు. ముందు కాలవలో చెత్త కొట్టుకొచ్చింది, తరవాత ఎర్రనీళ్ళు. వీధిలో పిల్లలంతా పరిగెత్తారు. నాన్నగారు మంచం మీద నుంచి లేవలేదు. బాబాయిగారు విత్తనం నానబోసి, గోనెల్లో కట్టి మొలక కట్టించడం మొదలుపెట్టారు. అంటే ఇంక రోజులే.

ఆ మధ్యాహ్నం కరెంటు ఉంది. అమ్మ వంటింట్లో ఉంది, అన్నయ్య మిల్లుకు వెళ్ళాడు. నాకేం తోచిందో, వెళ్ళి క్యాసెట్టు ఊది పెట్టాను. అంతవరకు నేను ఆ రిమోటు ఆయన చేతిలో పెట్టడమే గాని ఆడలేదు. గోచీవాడు గుర్రాలశాలలోంచి బయటికి వచ్చాడు. మొదటి గుంటలో పడ్డాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడ్డాడు. నేను చూపిద్దామని పడెయ్యలేదు. నాకు నిజంగానే చేతకాలేదు. రెండు చేతులూ బాగున్నదాన్ని, వాణ్ణి ఆ గుంట దాటించలేకపోయాను. ఎదురుగా వచ్చినవాడు ప్రతిసారీ పొడిచేస్తున్నాడు. గోచీవాడు చెయ్యెత్తి అలాగే నిలబడిపోతున్నాడు.

వెనక మంచం కిర్రుమంది.

"నొక్కి పట్టుకుంటావేంటమ్మా. వాడు దగ్గరికి రాకముందే వదలాలి."

"ఎప్పుడు వదలాలో తెలియట్లేదు నాన్నగారూ."

"నేను చెబుతా. పట్టుకో... పట్టుకో... ఆఁ, వదులు."

తప్పింది. వాడు చచ్చాడు.

"ఆలస్యమైపోయింది. మళ్ళీ పెట్టు. ఇంత కష్టవా ఇది?"

"కష్టమేనండి మరి. మీరు రోజూ దాటించేవారు."

 నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆయన ముఖంలో ఏదో చెదిరిపోతుందనిపించింది. మళ్ళీ పెట్టాను. "పట్టుకో" అన్నారు. "వదులు" అన్నారు. "పట్టుకో. వదులు." గొంతులో పలక దిద్దించిన నాటి ఓపిక వచ్చేసింది. ఎన్నోసారో గాని బల్లెం తగిలింది, వాడు గుంట దాటాడు. ఆనందంతో తిరిగి చూశాను. ఆయన నన్ను చూడట్లేదు, తెరనే చూస్తున్నారు. పంచె మీద ఆయన కుడిచెయ్యి "పట్టుకో" అన్నప్పుడు మూసుకుంటోంది. "వదులు" అన్నప్పుడు తెరుచుకుంటోంది. బొటనవేలు, చూపుడువేలు, ఆ పక్క వేలు కూడా కొంచెం. ఆ సంగతి ఆయనకు తెలియదు. చెబితే బిగుసుకుపోతుందేమోనని నేను చెప్పలేదు. గట్టిగా ఊపిరి కూడా పీల్చకుండా, చేతకాకపోయినా ఇంకాసేపు ఆడాను.

మొలక కట్టింది. బాబాయిగారు పొద్దున్నే తట్టతో గుమ్మంలోకి వచ్చారు. ఏమీ అడగలేదు. నాన్నగారు పంచె మార్చుకుని, దేవుడికి దండం పెట్టుకుని, అన్నయ్య భుజం పట్టుకుని బయలుదేరారు. అమ్మా నేనూ వెనక నడిచాం. గట్టు మీద చివరింటాయన కూడా ఉన్నారు. కావాలంటే ఆయన చేస్తారన్నట్టు కాస్త దూరంగా నిలబడ్డారు.

బాబాయిగారు నాన్నగారి వేళ్ళు మెల్లగా విప్పి అరచేతిలో గింజలు పోశారు. తెల్లటి మొలకలు, తడిగా. వేళ్ళు వాటి మీద మూసుకున్నాయి. నాన్నగారు తూర్పుకు తిరిగారు. చెయ్యి ఎత్తారు.

చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ గోచీవాడు నిలబడినట్టే నిలబడిపోయారు.  కణతల మీద చెమట. ఎవరో మెల్లగా, "పోన్లెండి, ఎడం చేత్తో వేసెయ్యండి. దేవుడేవీ అనుకోడు" అన్నారు. నాన్నగారు తల అడ్డంగా ఊపారు. అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేంతగా. నా నోట్లోంచి మంత్రం రాలేదు, స్వామి పేరూ రాలేదు.

"వదలండి నాన్నగారూ" అన్నాను. ఆయన నాకు చెప్పిన గొంతుతోనే అన్నాను.

బొటనవేలు లేచింది.

గింజలు పడ్డాయి. చినుకుల్లా కాదు. ముద్దలా, ఆయన పాదాల దగ్గరే, గట్టుకు ఆనుకుని పడ్డాయి. కొన్ని తడి అరచేతికి అంటుకుని ఉండిపోయాయి.

"ముద్దగా పడిందయ్యా" అన్నారు నాన్నగారు. "కాస్త చేత్తో సర్దుకో."

"ఉండనివ్వండి" అని బాబాయిగారు తట్ట చంకనెత్తుకున్నారు. "మీరు వేసింది నేనెందుకు కదపడం." ఆయన మడిలో దిగి చల్లడం మొదలుపెట్టారు. చివరింటాయన పైగుడ్డతో మొహం తుడుచుకుని, "నా మడి ఎల్లుండండి. ఎండెక్కకుండా వచ్చి మిమ్మల్ని తీసుకెళతాను" అనేసి వెళ్ళిపోయారు.

ఆ మూల నారు తరవాత కుచ్చులా ఒత్తుగా, సన్నగా లేచింది. ఊడ్పుల వేళ బాబాయిగారు నవ్వుతూ, "అన్నయ్యగారూ, మీ కుచ్చు పీకలేక మా ఆడాళ్ళు తిట్టుకున్నారండి" అని చెప్పి వెళ్ళారు. ఆ మాట నాన్నగారు ఎంత మందికి చెప్పుకున్నారో.

ఆ రోజు ఇంటికొచ్చాక అమ్మ వేడినీళ్ళు తెచ్చింది. అలవాటుగా వేళ్ళు విప్పబోయింది. నాన్నగారే విప్పారు, పూర్తిగా కాదు, నీళ్ళు పోయడానికి చాలినంత. అరచేతి గీతల్లో మొలకలు ఇంకా అంటుకుని ఉన్నాయి. వాటిని ఏరి తులసికోట మొదట్లో వేశాను.

"ఆ క్యాసెట్టు పెట్టమ్మా" అన్నారు.

"కోట దాకా ఓసారి వెళ్ళారుగా నాన్నగారూ. అక్కడేముందో చూశారుగా."

"వాడు వెళ్ళాడు. నేను వెళ్ళలేదు."

మీట వేశాను. కరెంటు లేదు. ఆయన విసుక్కోలేదు. చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. కరెంటు వచ్చేదాకా పక్కన నేనూ కూర్చున్నాను.